మచిలీపట్నం నుంచి యార్క్‌షైర్‌కు: పారిష్ రిజిస్టర్ల వెంట ఏడు రోజులు

బయలుదేరే ముందు

సికింద్రాబాదు, విశాఖ, కాజీపేట, మచిలీపట్నం ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "మా ముత్తాత తాత యార్క్‌షైర్ నుంచి పటాలంలో వచ్చాడట." చివరన ఉన్న ఆ "అట"ను తీసేయడానికే ఈ ఏడు రోజులు. పారిష్ అంటే ఒక చర్చి కింది ప్రాంతం, దాని రిజిస్టరులో అక్కడి బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు ఉంటాయి. లండన్‌లో రెండు, యార్క్‌లో రెండు, బెవర్లీలో ఒకటి, పల్లెలో ఒకటి, లెక్క సరిచూసుకోవడానికి ఒకటి. వెతికేది యార్క్‌షైర్ మనిషిని కాకపోతే మూడో రోజు నుంచి ఊళ్ళు మారతాయి, పద్ధతి మారదు.

ముందుగా ఒక తేడా తేల్చుకోవాలి. పూర్వీకుడు స్కాట్లండ్ వాడైతే ఈ దారి పనికిరాదు. థామస్ మన్రోది గ్లాస్గో, కాలిన్ మెకెంజీది స్టార్నొవే. అలాంటివాళ్ళ పాత పారిష్ రిజిస్టర్లు ఎడిన్‌బరోలో ఉంటాయి, వాటి రివాజు వేరు. అక్కడ బాప్తిస్మంలో తల్లి పుట్టింటి పేరు సాధారణంగా రాస్తారు. ఇంగ్లండ్‌లో ఆ అదృష్టం అరుదు.

రెండో పొరపాటు, తిన్నగా పల్లె చర్చికి వెళ్ళిపోవడం. 1979 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన వల్ల వందేళ్ళు దాటిన రిజిస్టర్లు దాదాపు అన్నీ ఆ డయోసిస్ (ఒక బిషప్ కింది ప్రాంతం) రికార్డు ఆఫీసుకు చేరాయి. చర్చి తలుపు తట్టినా అక్కడ దొరికేది తాజా పుస్తకమే. అందుకే చర్చిని ఆరో రోజుకు పెట్టాం.

ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పని చాలా ఉంది. 1837 జూలై 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేసింది. ఆ నమోదు శాఖ ఆన్‌లైన్ సూచికలో 1837 నుంచే తల్లి పుట్టింటి పేరు కనిపిస్తుంది. పాత అచ్చు సూచికల్లో అయితే 1911 జూలై నుంచి మాత్రమే ఉండేది. 1851 జనాభా లెక్కల్లో పుట్టిన పారిష్ పేరు ఉంటుంది. 1841 లెక్కల్ని నమ్ముకోకూడదు. అందులో 15 ఏళ్ళు దాటినవాళ్ళ వయసును చాలాచోట్ల 5కు దించి రాశారు, అంటే 39 ఏళ్ళవాడు 35గా కనిపిస్తాడు. పుట్టింది ఈ కౌంటీలోనా కాదా అన్నదే తప్ప ఊరు అడగలేదు. ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్ వెబ్‌సైట్లు, బ్రిటిష్ ఇండియా కుటుంబాల సంఘం ఫిబిస్ నడిపే డేటాబేసు మూడూ ఉచితం. వీటిలో దొరికింది దారి చూపించే చీటీ మాత్రమే, ఋజువు కాదు. సూచిక తయారుచేసినవాళ్ళు తప్పు చదివి ఉండొచ్చు, ఒక పేజీ వదిలేసి ఉండొచ్చు.

ఒక కాగితం మీద ఐదు విషయాలు రాసుకుని బయలుదేరాలి: పేరు, పుట్టి ఉండగల ఏళ్ళ మధ్య వ్యవధి, వృత్తి, భార్య పేరు, తోబుట్టువుల పేర్లు. ఈ చివరిదే ఎక్కువమంది మరిచిపోతారు. రీడింగ్ రూముల్లో సీటు, ఫిల్ము, పుస్తకం ముందే బుక్ చేసుకోవాలి. చిన్న రికార్డు ఆఫీసులు వారంలో మూడు నాలుగు రోజులే తెరుస్తాయి కాబట్టి ప్రయాణం తేదీలు వాటిని బట్టి పెట్టుకోవాలి, విమానం టిక్కెట్టు ధరను బట్టి కాదు.

మొదటి రోజు: లండన్, బ్రిటిష్ లైబ్రరీ

కింగ్స్ క్రాస్ స్టేషన్ బయటికొచ్చి యూస్టన్ రోడ్డు మీద ఐదారు నిమిషాలు నడిస్తే ఎర్ర ఇటుకల భవనం. పాస్‌పోర్టు, ఇంటి చిరునామా ఋజువు చూపించి రీడరు పాసు తీసుకోవాలి, డబ్బు కట్టక్కర్లేదు. బ్యాగు, కోటు, పెన్ను లాకరులో పెట్టేయాలి. లోపలికి పెన్సిలు, ల్యాప్‌టాప్, ఫోను, పారదర్శకమైన సంచి మాత్రమే. వెళ్ళాల్సింది ఆసియా, ఆఫ్రికా అధ్యయనాల రీడింగ్ రూముకు.

మన దేశంలోని ఈస్టిండియా కుంపిణీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనల నకళ్ళు ఏటేటా లండన్‌కు పంపేవారు. అవే ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్ వరస. ఎన్/1 బెంగాల్, ఎన్/2 మద్రాసు, ఎన్/3 బొంబాయి. మద్రాసు వరస 1698 నుంచి 1948 దాకా నడుస్తుంది. మచిలీపట్నం, విశాఖపట్నం, బళ్ళారి మాత్రమే కాదు, నిజాం రాజ్యంలో ఉన్న సికింద్రాబాదు కూడా ఇందులోనే దొరుకుతుంది, ఎందుకంటే అక్కడి దండు మద్రాసు పటాలానిది. చేతికి వచ్చేది మైక్రోఫిల్ము. ఇవే బొమ్మలు ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైటులోనూ ఉన్నాయి కాబట్టి ఇంట్లో చూసేసినవాళ్ళు ఈ రోజును వేరే కాగితాలకు వాడుకోవచ్చు.

వరస తప్పు పట్టుకుంటే రోజంతా వృథా. సి.పి. బ్రౌన్ పనిచేసింది కడప, రాజమండ్రి, మచిలీపట్నంలోనని మద్రాసు ఫిల్ములు తిప్పితే ఆయన బాప్తిస్మం దొరకదు. ఆయన 1798లో కలకత్తాలో పుట్టాడు, చూడాల్సింది ఎన్/1. తండ్రి డేవిడ్ బ్రౌన్ యార్క్‌షైర్ నుంచి వచ్చిన పాదిరి. మనిషి ఎక్కడ పేరు తెచ్చుకున్నాడన్నది రిజిస్టరుకు అక్కర్లేదు, ఆ ఆదివారం ఏ చర్చిలో ఉన్నాడన్నదే కావాలి. ఆయన 1884లో లండన్‌లో పోయాడు, కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉంది. దాన్ని కూడా పారిష్ భూస్థాపన రిజిస్టరులో వెతకకూడదు. 1852 చట్టం తర్వాత లండన్ చర్చి ఆవరణల్లో పూడ్చడం వరసగా ఆగిపోయింది, ప్రైవేటు శ్మశానాలకు వాటి రిజిస్టర్లు వాటికే ఉన్నాయి.

ఎన్/2లో ఒక బాప్తిస్మం సాధారణంగా పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, తండ్రి పేరు, హోదా, ఊరు ఇస్తుంది. తల్లి తెలుగు స్త్రీ అయితే చాలాసార్లు చర్చి పెట్టిన పేరు ఒక్కటే ఉంటుంది, ఇంకొన్నిచోట్ల "దేశీ స్త్రీ" అని తేల్చేస్తారు, మరికొన్నిచోట్ల ఆ గడి ఖాళీ. ఆ ఖాళీని కూడా ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన పేరుతో దాన్ని పూరించి, తర్వాత అదే రిజిస్టరులో ఉందనుకున్నవాళ్ళు చాలామంది. పెళ్ళిళ్ళలో వధూవరుల తండ్రుల పేర్లు 1850ల నుంచి కనిపిస్తాయి. అంతకుముందు పెళ్ళి దొరికితే తేదీ, హోదా, సాక్షులు దొరికినట్టే, తరం దాటినట్టు కాదు.

ఇంగ్లండ్ ఊరి పేరు చెప్పేవి సైనిక కాగితాలు. ఆఫీసరైతే ఎల్/మిల్/9 వరసలోని కేడెట్ కాగితాలు చూడాలి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు బాప్తిస్మం సర్టిఫికెట్ జతచేయాల్సి వచ్చేది, అది ఫలానా పారిష్ పాదిరి స్వహస్తంతో ఇచ్చిన నకలు. సివిలు ఉద్యోగిగా చేరిన రైటర్లకు జె/1 వరసలో అలాంటివే ఉన్నాయి. మామూలు సిపాయి అయితే పడవెక్కించిన జాబితాలు, చేర్చుకున్న డిపో వివరాల పట్టీలు, ఎల్/మిల్/11లోని మద్రాసు పటాలం హాజరు పట్టీలు. వీటిలో వయసు, ఎత్తు, పాత వృత్తి, పుట్టిన పారిష్ లేదా కనీసం కౌంటీ ఉంటాయి. సిపాయి చెప్పిన ఊరు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసింది. యార్క్‌షైర్ యాసలో చెప్పిన పల్లె పేరు లండన్ గుమాస్తా చేతిలో ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే ఆ మాటను బయటికి చదివి చూడాలి.

రెండో రోజు: క్యూ, జాతీయ ఆర్కైవ్స్

లండన్ మెట్రో డిస్ట్రిక్ట్ లైను మీద క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక. జాతీయ ఆర్కైవ్స్ ఆది, సోమవారాలు మూసి ఉంటుంది. ఇక్కడ రెండే పనులు.

మొదటిది, పూర్వీకుడు కుంపిణీ పటాలం కాక రాజు పటాలం వాడైతే డబ్ల్యూఓ 97 వరస. పింఛను మీద విడుదలైన సిపాయిల కాగితాలివి, 1760 నుంచి ఉన్నాయి, పుట్టిన పారిష్ రాసి ఉంటుంది. ఉద్యోగంలో ఉండగానే కలరాకు పోయినవాడు వీటిలో ఉండడు.

రెండోది, ఇంగ్లండ్ చర్చి కాక చాపెల్‌కు, అంటే మెథడిస్టుల్లాంటి వేరే శాఖల ప్రార్థన మందిరానికి, వెళ్ళిన కుటుంబం. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు, యూదులు తప్ప అందరూ ఇంగ్లండ్ చర్చిలోనే పెళ్ళి చేసుకోవాలి. కాబట్టి ఒక మెథడిస్టు జంట పెళ్ళి పారిష్ రిజిస్టరులో దొరికి, వాళ్ళ పిల్లల బాప్తిస్మాలు ఒక్కటీ దొరక్కపోతే ఆశ్చర్యపడక్కర్లేదు, అవి చాపెల్ పుస్తకంలో ఉంటాయి. 1837 తర్వాత ప్రభుత్వం సేకరించిన ఆ పుస్తకాలు ఆర్‌జీ 4, క్వేకర్లవి ఆర్‌జీ 6. యార్క్‌షైర్‌లో మెథడిస్టులు ఎక్కువ కాబట్టి ఈ గడపను దాటేయకూడదు. వీటి బొమ్మలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. డబ్బు కట్టాల్సిన సైట్లను క్యూ కంప్యూటర్లలో ఉచితంగా తెరవొచ్చు. మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది.

మూడో రోజు: యార్క్, బోర్త్‌విక్

కింగ్స్ క్రాస్ నుంచి యార్క్‌కు రైల్లో రెండు గంటలు. స్టేషన్ నుంచి బస్సులో హెస్లింగ్టన్ వైపు వెళ్తే యూనివర్సిటీ లైబ్రరీని ఆనుకుని బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్ అనే రికార్డు ఆఫీసు.

ఇక్కడ అసలు రిజిస్టర్లతో పాటు వాటి కవల కాగితాలు ఉన్నాయి. ఆ సంగతి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు రాయడం మొదలుపెట్టింది. ఆదివారం ప్రార్థన తర్వాత చర్చి పెద్దల ముందు రాయాలి, రెండు తాళాల పెట్టెలో దాచాలి, రాయకపోతే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. మొదటి పుస్తకాలు నాసి కాగితం మీదవి. 1598లో తోలు కాగితపు పుస్తకాలు కొని పాతవన్నీ ఎత్తి రాయమన్నారు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి. సోమరి పాదిరులకు "ముఖ్యంగా" అన్న మాట చాలింది. అందుకే చాలా రిజిస్టర్లు 1538లో కాక 1558లో మొదలవుతాయి. తొలి నలభై ఏళ్ళ రాత ఒకే చేతిదై ఉంటే అది అసలు కాదు, ఎత్తి రాసిన నకలు.

అదే 1598లో ఏటా ఈస్టరు తర్వాత నెలలోగా ఒక నకలు బిషప్‌కు పంపాలన్న నియమం వచ్చింది. ఇవే బిషప్ నకళ్ళు. పారిష్ పుస్తకం తడిసినా, ఎలుకలు కొట్టినా, కాలినా ఈ కాగితాలు ఆదుకుంటాయి. పుస్తకం బాగున్నా రెండూ చూడాలి. పారిష్ గుమాస్తా ఎత్తి రాసేటప్పుడు ఒక వరస జారవిడుస్తాడు, లేదా పుస్తకంలో మరిచిన తల్లి పేరును నకలులో గుర్తొచ్చి చేరుస్తాడు. రెండింటికీ తేడా వస్తే రెండూ రాసుకుని ఏది ఎక్కడిదో చెప్పాలి, నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని కొట్టేయకూడదు.

ఇంగ్లండ్ అంతర్యుద్ధం రోజులు ఒక పెద్ద గుంట. 1642 నుంచి 1660 మధ్య చాలా పారిష్‌లలో పేజీలు ఖాళీ, బిషప్పులే లేనప్పుడు నకళ్ళూ లేవు. 1653 నుంచి కొన్నేళ్ళు పెళ్ళిళ్ళు మేజిస్ట్రేటు ముందు జరిగాయి, బాప్తిస్మానికి బదులు పుట్టిన తేదీ రాశారు. ఆ గుంట మీద ఊహతో వంతెన కట్టేకన్నా వీలునామాలు వెతకడం మేలు. యార్క్ ప్రాంత వీలునామాలు ఇదే భవనంలో ఉన్నాయి.

ఈ రోజు తప్పక తీయాల్సిన ఇంకో కట్ట పెళ్ళి లైసెన్సులది. బాన్స్ అంటే మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి చాటింపు. అది వద్దనుకున్నవాళ్ళు, తొందరలో ఉన్నవాళ్ళు, కాస్త హోదా చూపించాలనుకున్నవాళ్ళు డబ్బు కట్టి లైసెన్సు తీసుకునేవారు. లైసెన్సు కాగితం వరుడి చేతికి పోయింది. దాని కోసం ఇచ్చిన ప్రమాణ పత్రం, 1823 దాకా పూచీకత్తు బాండు మాత్రం డయోసిస్ దగ్గర మిగిలాయి. వాటిలో వయసు, వృత్తి, ఇద్దరి పారిష్‌లు ఉంటాయి. చిన్నవాళ్ళ పెళ్ళయితే ఒప్పుకున్న తండ్రి పేరు కూడా. రిజిస్టరులో ఒక వరసగా ఉన్న పెళ్ళి ఇక్కడ ఒక పేజీ అవుతుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన పెళ్ళి జరిగినట్టు కాదు, రిజిస్టరులో చూసి తీరాలి.

నాలుగో రోజు: యార్క్ వీధులు, పాత రాతలు

పొద్దున్నే కోట గోడల లోపల స్టోన్‌గేట్ చివర సెయింట్ హెలెన్ చర్చి దగ్గర కాసేపు ఆగాలి. 1770 ప్రాంతంలో ఇక్కడ పనిచేసిన విలియం డేడ్ అనే పాదిరి, రాబోయే తరాల పరిశోధకుల కోసమని, రిజిస్టరులో గడులు పెంచాడు. బిడ్డ ఎన్నో కొడుకు, ఎన్నో కూతురు, తండ్రి వృత్తి, తండ్రి తల్లిదండ్రులు, తల్లి పుట్టిల్లు, తల్లి తల్లిదండ్రులు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ. భూస్థాపనలో వయసు, చనిపోవడానికి కారణమైన జబ్బు. ఒక్క వరసలో మూడు తరాలు. 1777లో ఆర్చిబిషప్ మార్కమ్ ఈ పద్ధతిని యార్క్ డయోసిస్ అంతటా ప్రోత్సహించాడు. కొందరు పాదిరులు శ్రద్ధగా రాశారు, కొందరు రెండేళ్ళు రాసి విసిగి వదిలేశారు, చాలామంది ముట్టుకోలేదు. 1813లో అచ్చు ఫారాలు రాగానే మిగిలినవాళ్ళూ ఆపేశారు. యార్క్‌షైర్ పూర్వీకుడు 1777, 1812 మధ్య పుట్టి ఉంటే అది ఒక లాటరీ. అతని రిజిస్టరులో ఈ గడులు లేకపోతే తోబుట్టువులవీ, పక్క పారిష్‌లో పుట్టిన పినతండ్రి పిల్లలవీ చూడాలి. తాత అందరికీ ఒకడే కదా.

ఆ 1813 ఫారాలు రోజ్ చట్టం తెచ్చినవి. పేజీకి 8 బాప్తిస్మాలు, తండ్రి వృత్తి, నివాసం. భూస్థాపనలకు వయసు. ఇవి చదవడం సులువు. 1754 నుంచి పెళ్ళిళ్ళకు వేరే పుస్తకం, వధూవరుల సంతకాలు, ఇద్దరు సాక్షులు. సంతకం రానివాళ్ళు గుర్తు పెట్టారు. ప్రతి పెళ్ళిలోనూ ఒకే సాక్షి పేరు కనిపిస్తే ఎగిరి గంతేయకూడదు, అతను బావమరిది కాడు, చర్చి గుమాస్తా. రెండో పేరే గమనించాల్సింది. పారిష్‌లో ఒకే పేరు వాళ్ళు ఇద్దరుంటే రెండు పెళ్ళిళ్ళ సంతకాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరెవరో తేలుతుంది. "ఈ పారిష్ వాసి" అని ఉన్నా అక్కడే పుట్టాడని అర్థం కాదు, కొన్ని వారాలుగా ఉంటున్నవాడూ కావచ్చు.

మధ్యాహ్నం మళ్ళీ రీడింగ్ రూము, 1700కు ముందు పేజీలు. మన కరణాల గొలుసుకట్టు రాత చూసినవాళ్ళకు సెక్రెటరీ రాత అనే ఆ కాలపు చేతిరాత అంత భయపెట్టదు. అక్కడ 'ఇ' అక్షరం వెనక్కి తిరిగి ఉంటుంది, 'సి' చూడ్డానికి 'ఆర్'లా, మాట మధ్య 'ఎస్' పొడుగ్గా 'ఎఫ్'లా, 'హెచ్' తోక గీత కిందికి వేలాడుతూ. రెండు చిన్న 'ఎఫ్'లు పక్కపక్కన ఉంటే అది ఒక పెద్ద 'ఎఫ్'. తెలిసిన మాటలతో, నెలల పేర్లతో, "కుమారుడు", "కుమార్తె" లాంటి రోజూ వచ్చే మాటలతో ఆ గుమాస్తా అక్షరమాల ఒకటి కాగితం మీద తయారుచేసుకోవాలి, ఆ తర్వాతే ఇంటిపేర్ల జోలికి పోవాలి. లాటిన్‌లో ఉంటే డజను మాటలు చాలు. బాప్టిజాటస్ అంటే బాప్తిస్మం పొందినవాడు, సెపుల్టా అంటే పూడ్చబడినది, ఫిలియస్ కొడుకు, ఫిలియా కూతురు, ఉక్సోర్ భార్య, విదువా వితంతువు, ఇయోడెమ్ డీ అంటే అదే రోజు. 1733 తర్వాత లాటిన్ దాదాపు కనిపించదు. 'జె ఎన్ ఓ' అని కుదించి ఉంటే అది జాన్, జోనాథన్ కాదు. ఈ ఒక్క పొరపాటుతో దారి తప్పిన వంశవృక్షాలు బోలెడు.

తేదీల దగ్గర మాత్రం తెలుగువాళ్ళకు కాస్త వీలు ఎక్కువ. మన సంవత్సరం ఉగాదితో మారినట్టే, 1752కు ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మారేది. 1723 ఏప్రిల్ 20న పెళ్ళి, 1723 ఫిబ్రవరి 10న బిడ్డ బాప్తిస్మం అని కనిపిస్తే బిడ్డ ముందు, పెళ్ళి తర్వాత అనుకోకూడదు. ఆ ఫిబ్రవరి పెళ్ళయిన పది నెలలకు వచ్చింది, మన లెక్కలో 1724. రాసుకునేటప్పుడు 1723/4 అని రెండూ వేయాలి. 7బర్ అంటే జూలై కాదు, సెప్టెంబర్. 8బర్ అక్టోబర్, 10బర్ డిసెంబర్. 1752లో సెప్టెంబర్ 2 తర్వాత 14 వచ్చింది, మధ్య పదకొండు రోజులు ఏ రిజిస్టరులోనూ లేవు.

ఐదో రోజు: బెవర్లీ

యార్క్ నుంచి హల్ వెళ్ళి అక్కడ రైలు మారితే బెవర్లీ. ట్రెజర్ హౌస్ భవనంలో యార్క్‌షైర్ తూర్పు భాగమైన ఈస్ట్ రైడింగ్ ఆర్కైవ్స్. ఇంత చిన్న ఊళ్ళోనూ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి ఒక పారిష్, సెయింట్ మేరీ ఒక పారిష్. యార్క్ గోడల లోపలైతే 20కి పైగా పాత పారిష్‌లు. ఊరి పేరు తెలిస్తే సరిపోదని ఈ రెండు చోట్లా కాళ్ళకే తెలుస్తుంది.

ఈ రోజు పని ఒక్కటే, కానీ యాత్ర మొత్తంలో అసలైనది. పూర్వీకుడి పేరు, ఏడు సరిపోయే బాప్తిస్మం ఇప్పటికి ఒకటి చేతిలో ఉంటుంది. అదే అతనిదని ఎలా తెలుసు? పేరు కలిసింది కాబట్టి అంటే కుదరదు. ఇంగ్లండ్‌లో జాన్, విలియం, థామస్ అనే మూడు పేర్లతోనే మగవాళ్ళలో సగం మంది గడిపేసినట్టు అనిపిస్తుంది. చేయాల్సింది, సరిపోయే మిగతా వాళ్ళందర్నీ వెతికి ఒక్కొక్కర్నీ కొట్టేయడం.

క్రమం ఇది. ఆ పారిష్‌లో అంచనా వేసిన ఏడుకు ఇటు పదేళ్ళు, అటు పదేళ్ళు ఆ ఇంటిపేరు ఉన్న ప్రతి వరసా, మూడు రకాలవీ రాసుకోవాలి. ఇంటిపేరు రాత ఎన్ని రకాలుగా మారినా వదలకూడదు. చౌదరిని పాస్‌పోర్టుల్లో ఎన్ని రకాలుగా రాస్తున్నారో తెలిసినవాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు. తర్వాత వాటిని జంటల వారీగా కుటుంబాలుగా పేర్చాలి. పిల్లల మధ్య ఒకటిన్నర నుంచి మూడేళ్ళ ఎడం మామూలు. ఐదారేళ్ళు ఖాళీ వస్తే ఒక బిడ్డ పక్క పారిష్‌లోనో చాపెల్‌లోనో ఉన్నట్టు. ఒకే తల్లిదండ్రులకు ఇద్దరు విలియంలు ఉంటే మొదటివాడు పోయాడని అనుమానించాలి.

అప్పుడు భూస్థాపనల పుస్తకం. అందరూ చివర్లో అలసటతో తిరగేసేది ఇదే, ముందు తెరవాల్సిందీ ఇదే. చేతిలో ఉన్న ఆ బిడ్డ మూడు వారాలకో మూడేళ్ళకో పోయి ఉంటే పటాలంలో చేరి మద్రాసు వచ్చినవాడు అతను కాడు. 1813కు ముందు భూస్థాపనలో వయసు చాలాచోట్ల ఉండదు, కానీ "ఫలానావాడి కొడుకు" అని రాస్తే చిన్నపిల్లవాడని అర్థం. అలా బిడ్డ చనిపోయినట్టు దొరికితే బాధపడకుండా ఆ కొమ్మను కొట్టేయాలి. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో రెండేళ్ళకే పోయిన పిల్లలకు పదిమంది సంతానం ఉండటం అరుదేమీ కాదు.

బాప్తిస్మం అసలే దొరక్కపోతే పటం తీసుకుని చుట్టూ 5 మైళ్ళలోని పారిష్‌లు, తర్వాత 10 మైళ్ళవి చూడాలి. పెళ్ళి ఎక్కువగా అమ్మాయి పారిష్‌లో జరుగుతుంది కాబట్టి మొదటి బిడ్డ తేదీ నుంచి వెనక్కి వెతుకుతూ అటు జరగాలి. బాన్స్ పుస్తకంలో అబ్బాయి వేరే పారిష్ వాడని ఉంటే అక్కడి పుస్తకంలోనూ అదే చాటింపు దొరకాలి. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకు 3 పెన్నీల పన్ను ఉండేది. పేదలకు మినహాయింపు. ఆ ఏళ్ళలో ఉన్నట్టుండి పేదలు పెరిగిపోతారు, పన్ను ఎత్తేయగానే పెద్ద పిల్లలకు ఒకేసారి బాప్తిస్మాలు కనిపిస్తాయి. కాబట్టి బాప్తిస్మం ఏడు పుట్టిన ఏడు అనుకోకూడదు.

నిజంగా పేద కుటుంబమైతే రిజిస్టరు కన్నా పారిష్ పెట్టెలోని ఇతర కాగితాలే ఎక్కువ మాట్లాడతాయి. 1662 చట్టం ప్రకారం పేదవాడికి అన్నం పెట్టాల్సిన బాధ్యత అతని సొంత పారిష్‌ది. ఆ పారిష్ ఏదో తేల్చడానికి మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేయించి ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర ఎన్నేళ్ళు పాలేరుగా చేశాడు, ఎప్పుడు పెళ్ళాడాడు అని రాయించేవారు. పెళ్ళికాని తల్లి బిడ్డ ఖర్చు పారిష్ మీద పడకుండా తండ్రి చేత రాయించిన బాండులో అతని పేరు ఉంటుంది, బాప్తిస్మంలో మాత్రం అదే గడి ఖాళీ. ఇవి అన్ని పారిష్‌లకూ మిగల్లేదు, మిగిలినచోట బంగారమే.

ఆరో రోజు: వార్రమ్ పెర్సీ

యార్క్ నుంచి స్కార్బరో రైల్లో మాల్టన్ దిగి ట్యాక్సీ తీసుకోవాలి. కారు ఆగే చోటు నుంచి రాళ్ళ బాట మీద కిలోమీటరు పైగా దిగుడు, తిరుగు ప్రయాణంలో అదే ఎక్కుడు. టీ కొట్టు ఉండదు, వాన బూట్లు ఉండాలి. ప్రవేశం ఉచితం.

లోయలో ఊరు లేదు, పైకప్పు లేని చర్చి ఒకటే ఉంది. 1500 ప్రాంతానికే గొర్రెల మేత కోసం ఊరు ఖాళీ అయింది. 1950 నుంచి నలభై ఏళ్ళు పురాతత్వవేత్తలు తవ్విన చోటు ఇది. అయినా ఈ సెయింట్ మార్టిన్ చర్చి 1949 దాకా వాడుకలో ఉంది, ఎందుకంటే పారిష్ ఊరితో పోలేదు. గుట్టల అవతలి థిక్సెండేల్ ఈ పారిష్ లోనిదే. 1870లో సొంత చర్చి కట్టేదాకా అక్కడివాళ్ళు బిడ్డల్ని ఎత్తుకుని, శవాల్ని మోసుకుని ఇక్కడికే నడిచి వచ్చారు. 1851 లెక్కల్లో పుట్టింది థిక్సెండేల్ అని చూసి ఆ పేరుతో 1820 నాటి రిజిస్టరు అడిగితే లేదంటారు. ఉన్నది వార్రమ్ పెర్సీ పేరు మీద. ఇంకో చిక్కు, ఒకప్పటి ఈస్ట్ రైడింగ్‌లోని ఈ చోటు 1974 నుంచి నార్త్ యార్క్‌షైర్ కౌంటీలో ఉంది. రిజిస్టరు ఎక్కడుందో చెప్పేది నేటి కౌంటీ పటం కాదు, డయోసిస్ కేటలాగు.

సమాధి రాళ్ళు చదవడానికి పొద్దు వాలే వేళ మంచిది, వెలుతురు పక్క నుంచి పడితే గీతలు లేస్తాయి. మబ్బుగా ఉంటే ఫోను దీపాన్ని రాయికి పక్కగా పట్టుకోవాలి. నాచును ఇనుప బ్రష్‌తో గీకకూడదు, సుద్ద పూయకూడదు. రాయి పెట్టగలిగింది కలిగినవాళ్ళే కాబట్టి పేరు లేకపోతే అక్కడ పూడ్చలేదని కాదు.

ఏడో రోజు: యార్క్ హోటల్ గది, తిరుగు రైలు

కొత్తగా వెతకడం ఈ రోజు ఆపేయాలి. ఫోనులోని ఫోటోలన్నీ వరసగా చూస్తూ ప్రతి దానికీ పారిష్, పుస్తకం నంబరు, పేజీ, ఏ ఆఫీసు అన్నవి ఫైలు పేరులోనే పెట్టాలి. ఇంటికి వెళ్ళాక చేద్దామంటే 600 ఫోటోల్లో ఏది ఏ పుస్తకమో ఎవరికీ గుర్తుండదు. అందుకే పుస్తకం మార్చినప్పుడల్లా ముందు దాని అట్ట మీది నంబరు ఫోటో తీసుకునే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

దొరకనివాటికి వేరే కాగితం. "విలియం, బాప్తిస్మం, 1770 నుంచి 1790, అసలు రిజిస్టరు, లేదు. బిషప్ నకళ్ళు చూశాం, 1774, 1775 కాగితాలు లేవు." ఈ రెండు వరసలు లేకపోతే మరో ఐదేళ్ళకు ఇంట్లో ఇంకొకరు అదే ఫిల్ము ముందు అదే రెండు రోజులు కూర్చుంటారు. తరానికి తరానికి మధ్య ఉన్న ప్రతి లంకెకూ పక్కన ఋజువు రాయాలి. సంతకం కలిసిందా, వీలునామా చెప్పిందా, లైసెన్సు చెప్పిందా, మిగతా విలియంలు కొట్టేయబడ్డారా. ఏదీ లేని చోట గీతను పెన్సిలుతోనే ఉంచి పక్కన "అట" అని రాసుకోవచ్చు.